బైక్ వెళ్లిపోయింది, వణుకు ఉండిపోయింది

పొద్దున రోడ్డు దాటుతుంటే ఒక బైక్ మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. చిత్రమేంటంటే, భయం వేయకముందే వెనక్కి గెంతేశాను! మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం నాకంటే ముందే గంట కొట్టేసిందన్నమాట. నరాల కబురు అందగానే, కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్ వదిలేశాయి. నోరు పిడచకట్టుకుపోయింది, వేళ్లు చల్లబడ్డాయి, చేతిలో తాళాల గుత్తి గలగలలాడుతూనే ఉంది.

అడ్రినలిన్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. ఒత్తిడిలో ఊరే మరో హార్మోన్ కార్టిసాల్ అలా కాదు, నింపాదిగా వస్తుంది. పూర్తిగా పెరగడానికి 20-30 నిమిషాలు పడుతుంది. సరిగ్గా ఆ టైముకే ఇంటికి చేరి, "ఇంత లేటేంటి?" అని అడిగిన పాపానికి తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. తప్పంతా హార్మోన్లదే అననుగానీ, వాటికీ వాటా ఉంది. వాడింకా మాట్లాడటం లేదు.