తాళం చేతికొచ్చాక

"ఇల్లు బాగుందమ్మా, కానీ ఇక్కడ ఉండటమే కష్టంగా ఉంది." ఇవాళ ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో సర్వే ఫారం నింపుతుంటే ఒకావిడ అన్న మాట. ఫారంలో మాత్రం సంతృప్తిగా ఉన్నారా అని అడిగి, అవును, కాదు అని రెండే గళ్లు ఇచ్చారు.

లోపలికి తీసుకెళ్లి వంటగది గోడ చూపించారు. సింక్ పైన తడి మచ్చ, చుట్టూ సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పై ఇంటి పైపు కారుతోందట. బాగు చేయించాల్సింది ఎవరో ఎవరూ చెప్పరు.

అద్దె టెన్షన్ లేదని, ఖాళీ చేయమనేవాళ్లు లేరని చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. అదీ నిజమే. కానీ పని చాలా దూరం. వాళ్లాయన వారంలో సగం రోజులు పని దగ్గరే పడుకుంటున్నారు.

1991లోనే ఐక్యరాజ్యసమితి కమిటీ ఒకటి, తగిన ఇల్లంటే ఏమిటో 7 అంశాల్లో చెప్పింది. పనికి, బడికి, ఆసుపత్రికి అందుబాటులో ఉండటం కూడా అందులో ఒకటి. మనమేమో కట్టిన ఇళ్లనే లెక్కపెడుతున్నాం.

తాళాలిచ్చిన ఏడాదికైనా మళ్లీ వెళ్లి అడగాలి. రిపేర్లు ఎవరి బాధ్యతో ముందే రాసివ్వాలి. ఇవాళ ఫారం వెనక ఖాళీలో ఆవిడ చెప్పిందంతా రాసేశాను. పైవాళ్లు చదివేదాకా అడుగుతూనే ఉంటాను.