తొడ మీద దరువు

మా అక్క కొడుకు డాలస్ నుంచి వస్తూ ఏం తెమ్మంటారని అడిగితే, ఇంట్లో వాళ్లంతా బాదంపప్పు, చాక్లెట్లు అన్నారు. నేను మాత్రం పాతకాలపు అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు బడ్డీ హాలీ రికార్డు దొరుకుతుందేమో చూడరా అన్నాను. పాత సామాన్ల కొట్లో 3 డాలర్లకు దొరికిందట. "ఫోన్లో వినొచ్చుగా మామయ్యా" అని విసుక్కుంటూనే, నలగకుండా చొక్కాల మధ్య పెట్టి తెచ్చాడు.

తీరా చూస్తే అది అమెరికా వాళ్ల 45, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు. మధ్యలో బెజ్జం నా బొటనవేలు దూరినా ఇంకా చోటు మిగిలేంత ఉంది. నా ప్లేయర్‌ పుల్ల పెన్సిలంతే ఉంటుంది. దానికి వేసే బిళ్ల కోసం ఎక్కడ తిరుగుతాం? పాత హవాయి చెప్పు మడమ దగ్గర గుండ్రంగా కోసి, మేకు కాల్చి నడుమ బెజ్జం పెట్టాను. అది కాస్త పక్కకు పోయింది. పాట తాగి ఇంటికొస్తున్నవాడిలా ఊగింది. రెండో చెప్పు కూడా బలైంది.

ఒకవైపు 'పెగ్గీ సూ', రెండోవైపు 'ఎవ్రీడే'. 1957లో న్యూ మెక్సికోలోని క్లోవిస్ అనే చిన్న ఊళ్లో, నార్మన్ పెట్టీ స్టూడియోలో చేసినవి. 'పెగ్గీ సూ'కి జెర్రీ ఆలిసన్ డ్రమ్స్ మోత ఎక్కువైందని ఆయన్ని తీసుకెళ్లి ముందుగదిలో కూర్చోబెట్టారు. రికార్డు తిప్పితే, అదే మనిషి డ్రమ్స్ జోలికే పోలేదు. రెండు నిమిషాల చిల్లర పాటంతా తొడల మీద చేతులతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. పైన పెట్టీ భార్య వాయించిన సెలెస్టా అనే చిన్న పియానోలాంటి వాయిద్యం, పసిపిల్లల గంటల బొమ్మలాగా.

ఈ పాట ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో. ఏదో చెక్కవాయిద్యం అనుకునేవాణ్ణి. నేను రెండేళ్లు మృదంగం నేర్చుకుని మానేసినవాణ్ణి, కచేరీల్లో తొడ మీద తాళం వేసే తాతల పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి. అయినా పట్టుకోలేకపోయాను, సిగ్గుచేటు. పెద్ద స్పీకర్లో పెట్టాక తెలిసింది, అది బట్ట మీద అరచేతి చప్పుడని. హాలీదే ఇంకో పాట 'నాట్ ఫేడ్ అవే'లో అయితే ఆలిసన్ అట్టపెట్టె మీద వాయించాడు.

ఈ పిచ్చి నాకు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో అంటుకుంది. ఎదురింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఆదివారం చర్చి నుంచి రాగానే బిల్ హేలీ పాట 'రాక్ అరౌండ్ ద క్లాక్' పెట్టేది. "డబ్బాలో గులకరాళ్లు" అని మా నాన్న తలుపేసేవారు. నేను కిటికీ దగ్గర చేరేవాణ్ణి, ముఖ్యంగా మధ్యలో గిటార్ జలజలా జారిపోయే ఆ కాస్త కోసం. అది వాయించిన డానీ సెడ్రోన్‌కి ముట్టింది 21 డాలర్లని చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1954 ఏప్రిల్‌లో రికార్డింగ్ అయింది. జూన్‌లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. మరుసటి ఏడాది గానీ ఆ పాట దుమ్ము రేపలేదు. పాపం, ఆ సంబరం చూడలేదు.

నిన్న రాత్రి నాలుగోసారి 'ఎవ్రీడే' పెట్టి, నేనూ తొడ మీద వేస్తున్నాను. లోపల్నుంచి మా ఆవిడ అడిగింది: "దోమలు ఎక్కువున్నాయా? ఆలౌట్ పెట్టనా?"