అప్పు తీరని బండిని కొన్న వైనం: నా అనుభవం

ఒడిశాలోని రాయగడలో మా పత్తి వ్యాపారానికి ఒక పాత మినీ లారీ కావలసి వచ్చినప్పుడు, పార్వతీపురంలో ఒక బండి బేరానికి వచ్చింది. ధర నచ్చింది, ఇంజను బాగుంది. కానీ సి-బుక్కులో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, మిగిలిన కిస్తీలు నన్నే కట్టుకోమని మధ్యవర్తి సలహా. “అందరూ ఇలాగే కొంటున్నారు బాబూ” అన్నారాయన.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం 1988 మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షను. ఫైనాన్సరు పేరు సి-బుక్కులో ఉన్నంతకాలం, వారి రాతపూర్వక అంగీకారం లేనిదే యాజమాన్య బదిలీని నమోదు చేయకూడదు. ఇక స్టాంపు కాగితం ఎంత ఘనంగా రాసుకున్నా, కిస్తీ ఆగితే కంపెనీవారు తీసుకుపోయేది నా గుమ్మంలో ఉన్న బండినే. మా బండిది హైపోథికేషన్, అంటే యాజమాన్యం అమ్మేవారిదే, దానిపై భారం కంపెనీది. అదే హైర్ పర్చేజ్ అయితే, వాయిదాలన్నీ తీరి కొనుగోలు పూర్తయ్యేదాకా ఫైనాన్సరే యజమాని. 1930 వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మినవారికి లేని హక్కు కొన్నవారికి రాదు. అలాంటి అమ్మకం నేరపూరిత నమ్మకద్రోహంగా కేసు వరకూ వెళ్లవచ్చు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను దానికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష చెబుతోంది.

అందుకే అమ్మేవారిని వెంటబెట్టుకుని ఫైనాన్స్ కంపెనీ బ్రాంచికి వెళ్లాను. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన చెప్పిన బాకీ ఒకటి, కంప్యూటరు చూపించిన బాకీ మరొకటి; ఆలస్యమైన కిస్తీలపై అదనపు వడ్డీ, ముందుగా తీర్చేందుకు రుసుము అందులో చేరాయి. ఆ తేడా ఎవరు భరించాలన్న దానిపై మధ్యవర్తితో సహా ముగ్గురం చాలాసేపు వాదించుకున్నాం. చివరకు ధరలోంచే అది తగ్గేలా ఒప్పించి, బాకీ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాకే పంపి, అది బండి ధరలో భాగమని ఇద్దరం సాక్షుల ఎదుట రాసుకున్నాం. మిగతాది కాగితాలు వచ్చాకే ఇస్తానన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు, కానీ ఈ విషయంలో మొహమాటం పనికిరాదనే నా అభిప్రాయం.

కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం, అప్పు ఒప్పందం ముగిసిందని రెండు పక్షాలూ సంతకం చేసిన ఫారం 35 వచ్చాక హైపోథికేషన్ రద్దయింది. రాష్ట్రం మారుతున్నది కనుక, పన్ను, చలానాల బాకీ లేదని తేల్చుకుని పార్వతీపురం వైపు రవాణా కార్యాలయం నుంచి ఫారం 28, అంటే వారి నిరభ్యంతర పత్రం, కూడా తీసుకోవలసి వచ్చింది. రాయగడలో యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు, ఒడిశా నంబరుకు ఫారం 27 ఇచ్చి, ఇక్కడి పన్ను కట్టాను. ఆ పనుల్లో పెద్దగా చెప్పుకోవలసిందేమీ జరగలేదు.

ఒక్కటి మాత్రం చాలామంది వదిలేస్తారు: బండి బదిలీ అయిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు పత్రంలో పేరు మార్పుకు కొన్నవారే దరఖాస్తు చేయాలి. ఆ దరఖాస్తు కూడా ఇచ్చాకే బండికి పత్తి ఎత్తించాను.