ఒకే ఇత్తడి దిమ్మెలో మూడు ఘనాలు: లేత్ మీద నా అనుభవం

బయటి ఘనం 50 మిల్లీమీటర్లు. దాని లోపల 30. ఆ లోపల 18. లోపలివి రెండూ విడిగా కదులుతాయి, కానీ ఏ రంధ్రంలోంచీ బయటికి రావు. ఎక్కడా అతుకు లేదు. మూడూ ఒకే దిమ్మెలోంచి వచ్చినవే. దీన్ని టర్నర్స్ క్యూబ్ అంటారు.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ నడుపుతాను. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివాను గానీ, చేత్తో హ్యాండిల్ తిప్పి పదేళ్లయింది. ఆ పని చేతుల్లోంచి పోతుందేమోనన్న దిగులుతోనే ఇది మొదలుపెట్టాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ షాపులో పాత లేత్ (లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ కోసే మెషీన్) ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. అడగ్గానే తాళం ఇచ్చారు.

పాత సామాన్ల షాపులో 75 మిల్లీమీటర్ల గుండ్రటి ఇత్తడి కడ్డీ దొరికింది. 55 పొడవున కోయించుకుంటే సుమారు రెండు కిలోలు తూగింది. దిమ్మెను పట్టి తిప్పే ఫోర్ జా చక్‌లో బిగించి ఆరు వైపులా ఫేసింగ్ చేసి, అంటే చదునుగా కోసి, 50కి తెచ్చేసరికి ఒక ఆదివారం పూర్తిగా అయిపోయింది.

అసలు పని సెంటర్ తీయడం, అంటే ముఖం నడిమధ్య సరిగ్గా చక్ తిరిగే మధ్యకు వచ్చేలా చేయడం. ఫోర్ జా చక్‌లో నాలుగు దవడలూ వేటికవే కదులుతాయి. దిమ్మె మీద గీతలు పడకుండా దవడల కింద ఒకే మందం ఉన్న రాగి రేకులు పెట్టాను. సన్నటి తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఒక పక్కకు ఆనించి చక్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ ఊపితే, ముల్లు ఒక చోటిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. అది తిరిగిన చోటి రీడింగే లెక్క. ఎదుటి పక్కన కూడా అలాగే చూడాలి. రెండింటికీ తేడా 0.20 ఉంటే దిమ్మెను 0.10 జరపాలి. ఒక జత సరిచేస్తే రెండో జత కాస్త కదులుతుంది. ఒక్కో ముఖానికి ముప్పావుగంట పట్టింది. ఆరు ముఖాలకూ ఇదే. కోత కంటే కొలతకే ఎక్కువ సమయం పోయింది. నాకైతే ఈ పనిలో బాగా నచ్చింది కూడా ఆ కొలతే.

ప్రతి ముఖానికీ మధ్యలో 23 వ్యాసంతో 16 లోతు, దాని చుట్టూ 38 వ్యాసంతో 10 లోతు. డ్రిల్ మొన కోసుగా ఉంటుంది కాబట్టి 15 దగ్గరే ఆపేసి, మిగతాది రంధ్రం లోపల కోసే బోరింగ్ టూల్‌తో చదును చేశాను. టూల్ సరిగ్గా సెంటర్ ఎత్తులో లేకపోతే అడుగున మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంది.

ఇంతవరకు చేస్తే లోపలి ఘనాలు మూలల దగ్గర బయటిదానికి అంటుకునే ఉంటాయి. 30 ఘనం ముఖానికి మూల నుంచి మూలకు 42.4 ఉంటుంది, రంధ్రం 38 మాత్రమే. అందుకే ఘనం బయటికి రాదు, అందుకే విడిపోదు కూడా. విడదీయాలంటే హాకీ కర్రలా వంపు ఉన్న టూల్‌ను రంధ్రం లోపలికి పంపి, అడుగున మాత్రం 44 దాకా వెడల్పు చేయాలి. చిన్నదానికి 26.5.

నా మొదటి దిమ్మె ఇక్కడే పాడైంది. మూడో ముఖం మీద టూల్ ఒక్కసారిగా లోపలికి దిగి దిమ్మెను దవడల్లోంచి పెరికేసింది. ఉస్తాద్ టూల్ తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు.

"ఇనుముకు పట్టినట్టు సాన పట్టినవ్ బిడ్డా. ఇత్తడికి పైన వాలు ఉంటే గుంజుకుంటది. పైన చదునుగ పట్టు. కింద మడమ కూడ ఒరుస్తున్నది, అది గుండ్రంగ తియ్యి."

ఆ రోజు చాలా బాధపడ్డాను. మళ్లీ కడ్డీ కొని మొదటి నుంచి చేశాను.

అయిదు ముఖాలు అయ్యాక ఇంకో భయం పట్టుకుంది. ఆరో ముఖం కోస్తుండగానే లోపలివి ఊడి టూల్‌కు తగులుతాయి. దానికి ఉపాయం కూడా ఉస్తాదే చెప్పారు: "కంసాలి దగ్గర లక్క తెచ్చి పొయ్యి." కరిగించి అయిదు రంధ్రాల్లోనూ నింపి రాత్రంతా ఆరనిచ్చాను. వేడెక్కితే లక్క మెత్తబడుతుంది కాబట్టి స్పీడ్ తగ్గించి, సన్నటి కోతలతో, మధ్యమధ్య ఆగుతూ ముందు చిన్న ఘనం, తర్వాత పెద్దది విడదీశాను. ఆ గంటసేపు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి.

మరిగే నీళ్లలో వేస్తే లక్క చాలావరకు ముద్దలుగా వచ్చేసింది. మిగిలింది స్పిరిట్‌తో తుడిచాను. చేతిలోకి తీసుకుని ఊపితే లోపల టకటకమని చప్పుడైంది. ఒక్కణ్నే ఉన్నా గట్టిగా నవ్వేశాను.

మర్నాడు ఉస్తాద్ చేతిలో పెట్టాను. ఆయన కొలిచే వెర్నియర్ తీయలేదు. బొటనవేలి గోరుతో ఒక్కో రంధ్రం అంచు తడుముతూ, నాలుగోసారి ఆగారు.

"ఇది జర పక్కకు పోయింది."

ఆ ముఖం మీద 0.04 తేడా ఉండగానే వదిలేశానని నాకు తెలుసు. ఇంకొకసారి సరిచేయడానికి ఆ రోజు ఓపిక లేకపోయింది. ఆ మాటే ఆయనకు చెప్పాను.