మా అమ్మాయి నిక్సన్, మా నాన్నగారి నిక్సన్

పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి హిస్టరీలో ఒక వ్యాసం ఇచ్చారు. ఎవరైనా ఒక అమెరికా మాజీ అధ్యక్షుడి విదేశాంగ విధానం ఇవాళ్టికీ ఎలా నడుస్తోందో రాయాలి. తను నిక్సన్‌ని ఎంచుకుంది. పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం సంగతి ఎలా ఉన్నా, 1972 ఫిబ్రవరిలో చైనా వెళ్ళి ప్రచ్ఛన్న యుద్ధం తీరునే మార్చేశాడని దాని వాదన. తప్పేం కాదు. అప్పుడు అమెరికా, చైనా కలిసి ఇచ్చిన షాంఘై ప్రకటనలో తైవాన్ గురించి రాసుకున్న గోడమీది పిల్లి మాటల్ని అమెరికా ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు.

వైజాగ్‌లో ఉన్న తాతయ్యకు వీడియో కాల్‌లో ఈ మాట చెప్పడంతోనే చిక్కొచ్చింది. "నిక్సనా? మన మీదికి యుద్ధనౌకను పంపినవాడేగా!" అన్నారు నాన్నగారు. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని, దీపాలార్పుకుని కూర్చున్న రాత్రులు ఆయనకు బాగా గుర్తు. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వైజాగ్ దగ్గరే మునిగిపోయింది. మన నేవీయే ముంచిందని మనం, ప్రమాదవశాత్తూ పేలిందని వాళ్ళు. ఆ ఘాజీ ఒకప్పుడు అమెరికా నేవీదేనని తెలిసి అమ్మాయి నోరు వెళ్ళబెట్టింది. నిక్సన్ రాకముందే ఇచ్చారులెండి, ఆ పాపం ఆయనది కాదు.

అసలు విషయం తర్వాత బయటపడింది. నిక్సన్‌కు చైనాతో రాయబారం నడిపిపెట్టింది పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్. 1971 జూలైలో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్ళింది కూడా పాకిస్తాన్ మీదుగానే. ఆ దారి మూసుకుపోకూడదని తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) పాకిస్తాన్ సైన్యం చేస్తున్న ఊచకోతను వైట్‌హౌస్ చూసీచూడనట్టు వదిలేసింది. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, అతని సిబ్బంది నిరసన తెలుపుతూ టెలిగ్రాం పంపితే బ్లడ్‌నే అక్కణ్ణుంచి తప్పించారు. దాదాపు కోటిమంది శరణార్థులు భారత్‌కు వచ్చారు. ఆగస్టులో ఇందిర సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు కదిలింది. పిల్ల మెచ్చుకున్న ప్రయాణం, తాతయ్య తిట్టుకునే నౌక ఒకే కథలోవి.

ఇలాంటప్పుడు "మార్కులొచ్చేదే రాయి, తాతయ్య మాటలు ఇంటివరకే" అనే తల్లిదండ్రులు మనలో చాలామందే ఉన్నారు. నేననలేదు. అలాగని తాతయ్య మాటే వేదమనీ అనలేదు. ఆనాటి పత్రాల్ని, వైట్‌హౌస్‌లో నిక్సన్ మాటల్ని రికార్డు చేసిన టేపుల రాతప్రతుల్ని అమెరికా విదేశాంగ శాఖే ప్రచురించింది, చదువుకోమన్నాను. ఇందిర గురించి నిక్సన్ తిట్టిన తిట్లు వచ్చినప్పుడు మాత్రం, పక్కన కూర్చోకుండా ఉంటే బాగుండేదనిపించింది.

చదివాక తాతయ్యనే నిలదీసింది: "ఆ నౌక ఒక్క గుండైనా పేల్చిందా?"

"పేల్చలేదు. అయినా అమెరికా ఎంత దగ్గరికొచ్చినా ఢిల్లీ ఇంకా రష్యా ఆయుధాలు కొంటూనే ఉంది చూడు. ఆ భయం అప్పటిదే."

కారణం అదొక్కటే అని నేననుకోను, రష్యా సరుకు చవగ్గా దొరకడమూ ఉంది. కానీ అమ్మాయి ఆ మాట వ్యాసంలో పెట్టింది. సోర్స్ ఏమిటని టీచర్ అడిగారట. తాతయ్య పేరు రాస్తానంటే నాన్నగారు వెంటనే ఒప్పుకున్నారు. పేరు పక్కన రిటైర్డ్ హెడ్‌మాస్టర్ అని కూడా రాయాలట.