రెండు శాతం చుక్క

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా ప్రెస్సుకి ఎదురుగా టైర్ల షాపు, పక్కన మలయాళీల చాయ్ కొట్టు. 2008లో విజయవాడ నుంచి వచ్చి అక్కడ ప్రీప్రెస్ పనిలో, అంటే అచ్చుకి ముందు ఫైళ్లు సిద్ధం చేసే పనిలో, చేరేనాటికి అచ్చు చుక్కల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ల సర్వీసు మరి. గవర్నరుపేటలో అచ్చు ప్లేట్ల కోసం ఫిల్ములు తీసే రోజుల్లో, ఏ రంగు చుక్కల వరుస ఎన్ని డిగ్రీల వాలులో ఉండాలో మా ఓనరు గారు ఎక్కాలు అడిగినట్టు అడిగేవారు. సయాన్ (లేత నీలం) 15, నలుపు 45, మెజెంటా (ముదురు గులాబీ) 75, పసుపు సున్నా. తప్పు చెబితే ఆ పూట టీ లేదు.

ఈ పని తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రింటింగ్ మెషీన్‌కి లేత, ముదురు అనేవి తెలియవు. ఇంకు పడుతుంది, లేకపోతే పడదు. లేత గులాబీ కావాలంటే మెజెంటా చుక్కని చిన్నది చేసి చుట్టూ కాగితం తెలుపుని వదిలేస్తాం. ముదురు కావాలంటే చుక్కని లావు చేస్తాం. మూరెడు దూరం నుంచి చూస్తే కన్ను చుక్కనీ తెలుపునీ కలిపేసుకుని అదొక రంగు అనుకుంటుంది. హాఫ్‌టోన్ అంటే ఇదే. నాలుగు రంగుల చుక్కల వరుసలూ అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పడితే అలలు అలలుగా మచ్చ కడుతుంది. దోమతెర రెండు పొరలు కలిసినచోట కనిపిస్తుందే, అలాంటిది. మొయిరే అంటారు. అది రాకుండా సయాన్, నలుపు, మెజెంటా వరుసల మధ్య ముప్పై డిగ్రీల ఎడం పెడతాం. మన కన్ను అడ్డం, నిలువు గీతల్ని పట్టినంత తేలిగ్గా ఐమూలగా ఉన్నవాటిని పట్టలేదు. అందుకని అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనబడే నలుపుని 45లో పెడతారు. పసుపు ఎలా పెట్టినా కనబడదు, కాబట్టి దానికి సున్నా చాలు.

బెజవాడలో మా పనంతా పెళ్లి కార్డులు, షాపు ఓపెనింగ్ కరపత్రాలు, వర్ధంతి పత్రికలు. పట్టుచీర ఎరుపు, పసుపు తాడు, చామనఛాయ ముఖాలు. కాగితంలో ఎంత భాగాన్ని ఇంకు కప్పితే చుక్క అంత శాతం అంటాం. ఇవన్నీ ఇంచుమించు ముప్పై శాతానికీ డెబ్బై శాతానికీ మధ్య చుక్కలు. ప్లేట్లతో అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో అది పెద్దగా ఇబ్బంది పెట్టని చోటు. కస్టమరు వచ్చి "మా అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యి బాబూ" అనేవాడు. ముఖంలో సయాన్, నలుపు చుక్కలు కాస్త లాగేసేవాణ్ణి, అమ్మాయి తెల్లబడేది. అంతకు మించిన పరీక్ష నాకు ఎప్పుడూ ఎదురవలేదు.

షార్జాలో మగవాళ్లది తెల్ల కందూర, అంటే కాళ్లదాకా వచ్చే అంగీ; ఆడవాళ్లది నల్ల అబాయా, అంటే బట్టల పైన వేసుకునే పొడుగు వస్త్రం. ఏ బ్రోషర్ తెరిచినా ఈ రెండే. నాకు బాగా తెలిసిన మధ్య భాగం ఇక్కడ పనికిరాలేదు. చుక్క పుట్టే చోటూ, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే చోటూ, ఈ రెండు కొసల్లోనే పని.

చేరిన మూడో నెలలో కందూరలు కుట్టే ఒక టైలరింగ్ షాపు వాళ్ల క్యాటలాగ్ వచ్చింది. 24 పేజీలు, 500 కాపీలు. సంఖ్య తక్కువ కాబట్టి ఆఫ్‌సెట్‌కి పోకుండా ఇంకు బదులు టోనర్ పొడి వాడే డిజిటల్ మెషీన్ మీద వేశాం. మానిటర్‌లో బ్రహ్మాండంగా ఉంది. మెడ దగ్గర వేలాడే తర్‌బూషా కుచ్చు, భుజం నుంచి జారే మడతలు, అన్నీ తెలుస్తున్నాయి. అచ్చులో మడతలు మాయం. రొమ్ము భాగమంతా ఖాళీ కాగితం. చంక దగ్గర నీడ మొదలయ్యేచోట కత్తెరతో కోసినట్టు ఒక అంచు. మనిషికి తల ఉంది, చేతులున్నాయి, మధ్యలో కాగితం ఉంది. ఆ షాపు మాస్టర్జీ పాకిస్తానీ పెద్దాయన. ఒక్క పేజీ చూసి, గట్టిగా కూడా అనకుండా, "ఇందులో నా కుట్టు ఏదయ్యా?" అని ఉర్దూలో అడిగాడు. 500 కాపీలూ వెనక్కి వచ్చాయి.

మా సీనియర్ ఒక ఫిలిపినో. అందరూ కూయా అనేవాళ్లు. మనం అన్నా అన్నట్టు వాళ్లలో పెద్దవాళ్లని పిలిచే పిలుపది. ఆయన నన్నేమీ అనలేదు. సున్నా నుంచి పది శాతం దాకా అర శాతం చొప్పున పెరిగే పట్టీ ఒకటి తయారు చేయించి, అదే మెషీన్ మీద వేయించి, జేబులోంచి లెన్స్ తీసి చేతిలో పెట్టాడు. చూశాను. ఐదు శాతం గడిలో చుక్కలు బుద్ధిగా వరుసలో ఉన్నాయి. మూడు దగ్గర అక్కడక్కడా పళ్లు ఊడిన నోరులా ఖాళీలు. రెండు శాతం గడిలో చుక్కలు ఉన్నవి ఉన్నాయి, లేనివి లేవు. ఒకటిన్నరలో ఇక ఏమీ లేదు.

ఆ తరవాత కాగితం మీద లెక్క వేసి చూపించాడు. బెజవాడలో నేను ఫిల్ము తీసింది 2,400 డీపీఐలో (అంగుళానికి 2,400 గళ్లు), అంగుళానికి 150 చుక్కల వరుసలు పడే, అంటే 150 లైన్ల స్క్రీన్‌తో. రెండోదానితో మొదటిదాన్ని భాగిస్తే 16. అంటే ఒక్కో చుక్కకి 16 అడ్డం, 16 నిలువు, మొత్తం 256 గళ్ల ఇల్లు. అందులో రెండు శాతమంటే ఐదు గళ్లు. ప్లేటు మీద అది నిలబడుతుంది. ఇక్కడి మెషీన్ 1,200 డీపీఐ, నేను పెట్టిన స్క్రీన్ 200 లైన్లు. లైన్లు ఎక్కువైతే నాణ్యత ఎక్కువని నా నమ్మకం. ఆరు ఆర్లు 36 గళ్లే. అందులో రెండు శాతం ముప్పాతిక గడి కూడా కాదు! ఫైలుని చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్, రిప్, ఏం చేస్తుందంటే నాలుగు ఇళ్లని కలిపి, అందులో మూడింటికి ఒక్కో గడి పంచుతుంది. ఆ గడి వెడల్పు 21 మైక్రాన్లు. టోనర్ రేణువు ఒక్కొక్కటీ ఇంచుమించు ఆరు మైక్రాన్లు. అడ్డంగా మూడు నాలుగు రేణువులు పట్టే జాగా అన్నమాట. అంత చిన్న మచ్చ మీద టోనర్ ఒకచోట అంటుకుంటుంది, ఇంకోచోట అంటుకోదు. మడత అంతా ఆ అంటుకోని చోట ఉండిపోయింది.

అయితే వరుసల గోలే వద్దు, చుక్క సైజు మార్చకుండా ఎక్కువ తక్కువలు మాత్రమే చేసే ఎఫ్‌ఎం స్క్రీన్ పెడదామన్నాను. అందులో కోణాలుండవు, మొయిరే భయం ఉండదు. పక్క షెడ్డులో బోర్డులు వేసే పెద్ద ఇంక్‌జెట్ చేసేది దాదాపు అదే పని. దాని వెనకున్న పాత లెక్కల్లో ఒకటి 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు రాసింది. నాకు భలే నచ్చిన లెక్క అది. ఒక గడికి ముప్పై శాతం రంగు కావాలి. చుక్క పెడితే నూరు, పెట్టకపోతే సున్నా. పెట్టలేదనుకోండి, ముప్పై బాకీ మిగిలింది. ఆ బాకీని పదహారు వాటాలు చేసి ఇంకా వంతు రాని ఇరుగుపొరుగు గళ్లకి పంచుతుంది. కుడిపక్కకి ఏడు, కింద ఎడమకి మూడు, సరిగ్గా కిందకి ఐదు, కింద కుడికి ఒకటి. లెక్కపెట్టుకోండి, పదహారణాలూ సరిపోయాయి. వీసా కోసం ఏజెంటుకి కట్టిన డబ్బు బాకీని నేనూ ఇలాగే పంచాను. బావకి ఏడణాలు, మేనమామకి ఐదు, మిగతాది చీటీకీ స్నేహితుడికీ. మా బావ వాటా తీరడానికి మూడేళ్లు పట్టింది.

ఇంక్‌జెట్‌లో బొట్టు అనుకున్న చోటే పడుతుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగుంటుంది. మా టోనర్ మెషీన్ మీద ఎఫ్‌ఎం వేసి చూస్తే కందూర మడతలు వచ్చాయి గానీ, ముఖాల మీద బొంబాయి రవ్వ చల్లినట్టయింది. "మాస్టర్జీ ఈసారి కుట్టు చూస్తాడు, మొహం చూడనివ్వకు" అన్నాడు కూయా. లేతచోట చుక్కల సంఖ్యనీ, మధ్యలో చుక్క సైజునీ మార్చే హైబ్రిడ్ స్క్రీన్లు అప్పటికే ఉన్నాయి. మా రిప్‌లో లేవు, ఓనరు కొనడు.

చివరికి చేసింది మోటు పనే. స్క్రీన్ 150 లైన్లకి దించాం. ఎనిమిది ఎనిమిదులు 64 గళ్లు. తరవాత ఫొటోల్లోనే కందూర తెలుపుని కాస్త నలగ్గొట్టాం. తేలికపాటి మడత కూడా ఐదు శాతానికి తగ్గకుండా ఎత్తాం. అప్పుడు చుక్కకి మూడు గళ్లు దొరుకుతాయి. భుజం మీద వెలుగు పడే ఒక్క చోట మాత్రం కాగితాన్ని ఖాళీగా వదిలాం. సయాన్‌ని ఒక అర శాతం ఎక్కువ పెడదామన్నది నేను. మెజెంటా ఎక్కువైతే గుడ్డ ఉతకని దానిలా ఉంటుంది. పంచెలకి నీలిమందు పెట్టే ఊరివాణ్ణి, ఆ మాత్రం తెలుసు. కూయాకి నీలిమందు అంటే ఏమిటో చెప్పడానికి పావుగంట పట్టింది.

అబాయాలతో గొడవ దీనికి తలకిందులు. అక్కడ చుక్కలు మరీ లావు. ఎనభై ఐదు శాతం దాటితే వాటి మధ్య మిగిలిన తెల్ల కంతలు పూడిపోతాయి, చేతి అంచున ఉన్న నల్ల ఎంబ్రాయిడరీ నల్ల గుడ్డలో మునిగిపోతుంది. నాలుగు రంగులూ దట్టంగా వేస్తే కాగితం మడిచే చోట టోనర్ పెళుసుగా పగులుతుంది కూడా. నాలుగు రంగుల శాతాలూ కూడితే మొత్తం 280 దాటనిచ్చేవాళ్లం కాదు. ఆ పాఠం ఇంకో క్యాటలాగ్ ఖర్చుతో నేర్చుకున్నాను, అది మరోసారి.

ఆ రోజుల్లో రాత్రిళ్లు రూములో ఇవే చదువుతుంటే మన దేశం మనిషే ఒకాయన తగిలాడు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. 1890ల్లోనే ఇంట్లో హాఫ్‌టోన్ ప్రయోగాలు చేసి, ఇంగ్లండ్‌లో అచ్చుపని గురించి వెలువడే పెన్‌రోజ్ వార్షికలో వ్యాసాలు రాశాడు. కొడుకు సుకుమార్ 1911లో ఈ విద్య కోసమే ఇంగ్లండ్ వెళ్లాడు. నేనూ నేర్చుకోవడానికే వచ్చానని ఇంటికి ఫోన్లో గొప్పగా చెప్పాను. వచ్చింది జీతానికని ఇంట్లోవాళ్లకి తెలుసు. ఎలాగైతేనేం, క్యాటలాగ్ తిరిగి వేసినందుకు జీతం కోయలేదు గానీ, ఆ నెల ఓవర్‌టైం రాయలేదు.

రెండోసారి వేసిన కాపీ తీసుకుని షాపుకి నేనే వెళ్లాను. మాస్టర్జీ కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని కిటికీ వైపు పట్టుకుని, మడత మీద బొటనవేలు పెట్టి బట్టని చూసినట్టు రుద్దాడు. మెడ కుట్టు చూశాడు. తర్‌బూషా చూశాడు. తల ఊపాడు. నాకు చాయ్ చెప్పాడు. ఆరో పేజీ తిప్పి అక్కడ ఆగాడు. లోపలికి వెళ్లి ఒక తాను ముక్క తెచ్చి ఆ ఫొటో పక్కన పరిచాడు.

"ఇది జపాన్ బట్ట. తెలుపు కాదు, క్రీం. నువ్వు దీన్ని కూడా తెల్లగా చేశావు."

చాయ్ సగంలో వదిలేసి కూయాకి ఫోన్ చేశాను.