పొగాకు బ్యారన్ దగ్గర రేడియో 4

గురువారం, టంగుటూరు.

పొగాకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌లో ఆకు ఉన్నన్నాళ్లూ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు రాత్రింబగళ్లు ఉండవలసిందే కనుక, ఈ వారం నాన్నకు తోడుగా నేనూ, మా ఇద్దరికీ తోడుగా ఫోనులో బీబీసీ రేడియో 4 ఉంటున్నాము. పొద్దస్తమానం మాటలతోనే నడిచే ఆ బ్రిటన్ జాతీయ రేడియో కేంద్రం 1967 సెప్టెంబరు 30న ఈ పేరుతో మొదలైంది.

అక్కడ అర్ధరాత్రి దాటాక 12.48కి చదివే నౌకల వాతావరణ సూచన చలికాలంలో మనకు ఉదయం 6.18కి వినబడుతుంది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అంటూ పేరు పేరునా పిలిచి, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తుందో, వాన ఉందో లేదో, చూపు ఎంత దూరం ఆనుతుందో తొందరపడకుండా చెబుతారు.

"అంత నిదానంగా ఏం చదువుతుందిరా ఆమె?" అని నాన్న అడిగాడు.

"సముద్రం మీద గాలి సంగతి నాన్నా."

"వాయుగుండం పట్టినప్పుడు మన రేడియోలో చెప్పేదే గదా" అంటూ పొయ్యిలోకి ఇంకో మొద్దు తోశాడు.

1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానుకు చిక్కి 400 మందికి పైగా చనిపోయిన తరువాతనే ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి ఓడలకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశాడని, 2002 నుంచి ఒక సముద్ర భాగం ఆయన పేరుతోనే ఉందని చెబితే, నాన్న కొత్తపట్నం పడవల వాళ్లను తలచుకున్నాడు.

పగటి వార్తల్లో పార్లమెంటు వాదోపవాదాలే ఎక్కువ. వాటిని అంతగా పట్టించుకోలేదు. మధ్యాహ్నం మాత్రం, 1998లో మెల్విన్ బ్రాగ్ సారథ్యంలో మొదలైన 'ఇన్ అవర్ టైమ్' అనే చర్చా కార్యక్రమం కోసం పని సర్దుకున్నాను. ముగ్గురు ఆచార్యులను కూర్చోబెట్టి ఒక్క విషయం మీదనే ముప్పావు గంట మాట్లాడించడమంటే శ్రోత తెలివిని గౌరవించడమే అని నా నమ్మకం.

రాత్రి 12.30కి 'ది ఆర్చర్స్' వచ్చింది. యుద్ధం తరువాతి తిండి కొరత రోజుల్లో, రైతులకు మెరుగైన సాగు పద్ధతులు కథ రూపంలో చెప్పాలని తలపెట్టిన ఈ ధారావాహిక 1951 జనవరి 1 నుంచి దేశమంతటికీ ప్రసారమవుతోంది. అప్పటికి మా బ్యారన్‌లో ఆకు మధ్య ఈనె ఆరే దశ. థర్మామీటరు 160 డిగ్రీల ఫారెన్‌హీటు దాటకుండా కనిపెట్టుకుంటూనే, ఆ కథలోని పల్లెవాళ్ల మాటలు నేను తెలుగులో చెబుతుంటే నాన్న చివరిదాకా విన్నాడు. "మన కౌలు బాధలు, గ్రేడు పేచీలు ఇట్లా రోజూ కథగా చెప్పేవాళ్లుంటే ఊరంతా వింటది" అన్నాడు.

ఆ మాట నాకు బాగా పట్టింది. 1948 డిసెంబరు 1 నుంచి మాట్లాడుతున్న మన విజయవాడ ఆకాశవాణికి ఇటువంటి దినసరి రైతు నాటకం కావాలని కోరుతూ ఉత్తరం మొదలుపెట్టాను. పొగాకు, శనగ, సుబాబుల్ రైతుల ఇళ్లలో జరిగేవాటిని మొదటి నెల కథలకు సరిపడా రాసి, ఉత్తరంతో జతచేసి పంపుతాను.